మసి మీద తెల్ల చుక్క

“నట్టు మీద తెల్ల చుక్క పెట్టింది నువ్వేనా, కాదా?”

జలగ ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఊచల అవతలి మనిషి ఏడ్చాడు. మామూలుగా అయితే జలగ ఎవరి ఏడుపుకూ అడ్డు చెప్పడు, ఇవాళ మాత్రం అంత తీరిక లేదు. మూడు దాటింది. ఐదింటికి ఈ మనిషిని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. తోడబుట్టిన అన్నను చంపబోయినవాడని రాసి జైలుకు పంపుతారు. ఆ తరువాత నిజం బయటపడినా అది నెలల తరబడి కాయితాల మీద పాకుతూ రావలసిందే.

ఈ ప్రైవేటు డిటెక్టివ్‌కు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గాని, దాన్ని వాడేవాళ్ళు లేరు. పట్టుకుంటే వదలడని పోలీసులు తగిలించిన ‘జలగ’ అనే పేరే ఊరంతా తిరిగి తిరిగి చివరకు ఆయన ఆఫీసు తలుపు మీదకు కూడా ఎక్కింది. ఆ పేరు తగిలించిన మహానుభావుడే ఇప్పుడు ఈ స్టేషన్‌కు ఇన్‌స్పెక్టర్. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని ఉద్యోగం చేసినవాళ్ళే. ఇవాళ ఒకరి గొంతు వింటే ఒకరికి ఒళ్ళు మండుతుంది.

“నేను కాదు సార్,” అన్నాడు ఊచల అవతలి మనిషి, చొక్కా భుజానికి ముక్కు తుడుచుకుని. ట్యుటోరియల్ కాలేజీలో లెక్కల మాస్టారు. ఇంట్లో మాత్రం అక్కకు చిన్నోడు. ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్న అన్న పెద్దోడు. “అసలు ఆ చుక్క అప్పుడే పెట్టం.”

“అప్పుడే అంటే ఎప్పుడు? సరిగ్గా చెప్పు.”

“మా నాన్న బస్సు డిపోలో మెకానిక్ సార్. ఆయన పెట్టిన పద్ధతి. కారుకు కొత్త పొగ పైపు వేశాక, దాన్ని పట్టి ఉంచే క్లాంపు నట్టు ఒకసారి బిగిస్తాం. ఇంజను వేసి పైపు బాగా కాగనిస్తాం. తర్వాత ఆపేసి పూర్తిగా చల్లారనిస్తాం. కాగి చల్లారేసరికి ఎంత బిగించిన నట్టయినా కాస్త వదులవుతుంది. అప్పుడు రెండోసారి బిగించి, నట్టుకీ బోల్టుకీ కలిపి తెల్ల రంగు చుక్క పెడతాం. చుక్క ఉందంటే ఆ పని అయిపోయినట్టు. మొదటి బిగింపుకే చుక్క పెడితే మా నాన్న పానా పుచ్చుకుని వెంటపడేవాడు.”

“నువ్వు వెళ్ళేటప్పటికి పని ఎంతదాకా వచ్చింది?”

“మొదటి బిగింపు అయింది, అంతే. ఇంజను వెయ్యనేలేదు. పదకొండింటికి నాకు క్లాసు. మిగతాది నేను చూసుకుంటాలే, నువ్వు పో అన్నాడు అన్న.”

“నువ్వు చుక్క పెట్టడం చూసినవాళ్ళున్నారంటున్నాడు ఇన్‌స్పెక్టర్.”

చిన్నోడు ఊచలు పట్టుకుని ముందుకు వంగాడు. “ఎవరు సార్ వాళ్ళు?”

“అదే చెప్పి చావడం లేదు. నీ కారు కిందే పడి చస్తావని మీ అన్నను తిట్టావట, వీధి వీధంతా విందట. ఆ సంగతేంటి?”

“తిట్టాను. వారానికోసారి తిడతాను. పెళ్ళి మాటెత్తితే చాలు, పానా పట్టుకుని కారు కిందికి దూరతాడు. మూడు సంబంధాలు అలాగే పోయాయి. మా అక్క ఏడుస్తుంటే చూడలేక అన్నాను. దానికి ఇంత అర్థం ఉంటుందని నాకేం తెలుసు సార్?”

జలగకు నవ్వు వచ్చింది గాని నవ్వలేదు. ఆయన కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. ఊచల ముందు నాలుగు అడుగుల మేర అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. కాపలా కానిస్టేబులు చూసి చూసి తల తిరిగినట్టయి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“సరే, పాత పైపు సంగతి చెప్పు. విప్పేటప్పుడు ఏమైనా తేడాగా కనబడిందా?”

చిన్నోడు రెండు చేతులతో పైపు ఆకారం చూపించాడు. “ఇనుప తీగల జాలీ అల్లిక ఉంటుంది కదా సార్ ఆ పైపు మీద. అది ఒకవైపు చీలిపోయింది. ఆ చీలికలో ఆకుపచ్చ రంగు రేకుముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. అన్న దాన్ని కటింగ్ ప్లేయరుతో లాగి, వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ తర్వాత నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఏంటన్నా అంటే ఏం లేదు, క్లాసుకు టైమవుతోంది పో అన్నాడు.”

“ఆ రేకు ఏం చేశాడు?”

“పాత పైపుతోపాటు బల్ల కింద పెట్టాడు. పాత సామాను అప్పుడే పారెయ్యం సార్. కొత్తది కొన్నాళ్ళు తిరిగి, బాగుందని నమ్మకం కుదిరాక గాని బయటికి పోదు. అది కూడా నాన్న పద్ధతే.”

జలగ అప్పటికే తలుపు దాటాడు.

* * *

షెడ్డు ఇంటికి ఆనుకునే ఉంది. లోపల పెద్దోడి డ్రైవింగు స్కూలు కారు. ముందు ఇనుప షట్టరు, వెనక గోడకు బానెట్ ఎత్తున చిన్న కిటికీ, కింద గుండ్రటి కంత. ఆ కంతలోంచి పొడుగాటి రబ్బరు గొట్టం బయటికి పోయింది. కారు సైలెన్సర్ చివర ఆ గొట్టం తొడిగితే పొగంతా గోడ అవతల ఖాళీ స్థలంలోకి పోతుంది. ఇంజను మోత భరించలేమని ఇరుగుపొరుగు గొడవ పడ్డ రోజుల్లో తండ్రి చేసిన ఏర్పాటట. అప్పటినుంచీ షట్టరు దించుకునే ఇంజను పరీక్షించడం ఈ ఇంట్లో అలవాటు.

నిన్న జరిగిందీ అదే. షట్టరు దించి, కిటికీ మూసి ఉంది. గొట్టం తొడిగే ఉంది. కాని ఇంజను దగ్గరి క్లాంపు వదులై, పొగ గొట్టం దాకా పోకుండానే షెడ్డులోకి ఎగజిమ్మింది. మధ్యాహ్నం ఒంటిగంట వేళకు షట్టరు ఎత్తి చూస్తే పెద్దోడు స్టీరింగు మీదికి వాలిపోయి ఉన్నాడు.

సీలు వేసింది ఇన్‌స్పెక్టరే కనుక తియ్యవలసిందీ ఆయనే. తీశాడు గాని, అల్లుడు అలిగినట్టు ఒక పక్కకు జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇస్త్రీ నలగని యూనిఫారం ఆయనది. అవతల గుమ్మం మెట్టు మీద అక్క కూర్చుని ఉంది. తాళాలు తెచ్చింది ఆమే, జలగను పనికి పెట్టిందీ ఆమే. నిన్న మధ్యాహ్నం నుంచి ఇవాళ మధ్యాహ్నం దాకా ఒక తమ్ముడి మంచం పక్కన కూర్చుని, ఇప్పుడు రెండో తమ్ముడి కోసం వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఫోను మాత్రం వదలలేదు.

“ఎలా ఉంది పెద్దోడికి?” అడిగాడు జలగ.

“వేళ్ళు కదుపుతున్నాడని చెప్పారు సార్. సాయంత్రానికి స్పృహ రావచ్చట. మా ఆయన్ని కూర్చోబెట్టి వచ్చాను.” ఆమె షెడ్డు వైపు చూసి తల తిప్పుకుంది. “వాడు లేచేసరికి చిన్నోడు జైల్లో ఉన్నాడని ఎలా చెప్పను? ఇద్దర్నీ ఈ చేతులతో పెంచాను సార్. అమ్మ పోయినప్పుడు చిన్నోడికి పాలపళ్ళు కూడా ఊడలేదు.”

జలగకు ఓదార్చడం చేతకాదు. తల ఊపి షెడ్డులోకి నడిచాడు.

ముందు బల్ల కిందికి వంగి చూశాడు. రంపాలు, డబ్బాలు, తుడిచిన గుడ్డలు, కొత్త పైపు వచ్చిన అట్టపెట్టె. పాత పైపు లేదు. బల్ల మీద చూశాడు, డిక్కీ తెరిపించి చూశాడు, మూలనున్న ఇనుప చెత్తలో కాలితో కెలికాడు. ఎక్కడా లేదు.

“ఇక్కడి నుంచి మీవాళ్ళు ఏమైనా తీసుకెళ్ళారా?”

“కారు తాళంచెవీ, వేలిముద్రలూ తప్ప ఒక్క మేకు కూడా కదపలేదు. ఏం పోయింది?”

“పాత పైపు.”

“పాత పైపు ఎవడికి కావాలయ్యా? చెత్తబండికి వేసి ఉంటారు.”

“నిన్న ఆదివారం, చెత్తబండి రాదు. పైగా ఈ ఇంట్లో పాత సామాను అంత తొందరగా గడప దాటదు.” జలగ చొక్కా విప్పి కిటికీ ఊచకు తగిలించి, బనియనుతో నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. ముందు చక్రాలు రెండూ ఇనుప ర్యాంపుల మీద ఉన్నాయి. టార్చి పుచ్చుకుని భుజాలతో పాకుతూ కారు కిందికి పోయాడు. ఆయనకూ ఒక ముసలి కారు ఉంది. సంపాదించేదంతా దాని వైద్యానికే తగలేస్తాడని భార్య సాధిస్తుంది. కాబట్టి ఈ కింది లోకం ఆయనకు కొత్త కాదు.

కొత్త పైపు తళతళలాడుతోంది. క్లాంపు వేలితో తాకితే గిర్రున తిరిగింది. నట్టు మీద తెల్ల చుక్క స్పష్టంగా ఉంది. టార్చి దగ్గరికి పెట్టి చూస్తే రంగు నున్నగా లేదు, చిన్నచిన్న పొక్కులు లేచి ఉంది.

“ఇన్‌స్పెక్టరు గారూ, ఇది వేడి ఇనుము మీద పెట్టిన రంగు. పొక్కులు తేలింది. చిన్నోడు వెళ్ళేటప్పటికి ఇంజనే వెయ్యలేదు. కనక చుక్క పెట్టింది అతను కాదు.”

కారు పక్కన మెరుస్తున్న బూట్లు రెండు కదిలాయి. వాటి పైనుంచి నవ్వు వినిపించింది. “భలేవాడివయ్యా. చల్లటి ఇనుము మీద తడి రంగు పెట్టి, కాసేపటికి ఇంజను వేస్తే మాత్రం పొక్కదా? మా ఇంట్లో కుక్కరు పిడికి మా ఆవిడ రంగు వేసింది, అదీ పొక్కింది. ఈ లెక్కన మా ఆవిడ్ని కూడా అనుమానించాలి నువ్వు.”

జలగ ఆ పొక్కుల వంక మళ్ళీ చూశాడు. నిజమే. ముందు పెట్టిన రంగైనా పొక్కుతుంది. కారు కింద వెల్లకిలా పడుకుని, ఒకప్పుడు తనతో సగం సిగరెట్టు పంచుకున్నవాడి చేత ఎగతాళి చేయించుకోవడం అంత సుఖమైన సంగతి కాదు. పైన ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంటున్న చప్పుడు కూడా వినబడుతున్నట్టే అనిపించింది ఆయనకు.

“నాలుగవుతోంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “లేచి దులుపుకో. కేసు నీళ్ళంత తేటగా ఉంది. తమ్ముడు కావాలనే నట్టు వదిలేశాడు. అన్నకు అనుమానం రాకుండా పని అయిపోయినట్టు చుక్క పెట్టి క్లాసుకు పోయాడు. ఆ అన్న నమ్మి ఇంజను వేశాడు. బయటి నుంచి చూసిన సాక్షి ఉన్నాడు.”

“మరి తల వెనక బొప్పి? డాక్టరు చెప్పాడుగా.”

“బయటికి లాగేటప్పుడు డోరుకు తగిలి ఉంటుంది.”

“ఉంటుంది, ఉంటుంది. నీ కేసు నిండా ‘ఉంటుంది’లే.” జలగ విసుగ్గా టార్చి తిప్పాడు. ఆ తిప్పడంలో వెలుగు పక్కవాటుగా పడింది. రెండు పైపులు కలిసే సందు దగ్గర నుంచి మసి విసిరికొట్టినట్టుగా పరుచుకుని ఉంది. కొత్త పైపు మీద, క్లాంపు మీద, బోల్టు మీద, నట్టు మీద. అంతా నల్లగా ఉంది. ఆ నలుపు మధ్య తెల్ల చుక్క ఒక్కటే అప్పుడే ఉతికి ఆరేసినట్టు ఉంది.

“ఒకసారి కిందికి రా,” అన్నాడు.

“నేనా?”

“నువ్వే. యూనిఫారం నలిగితే చాకలి ఖర్చు నేనిస్తాను.”

ఆ గొంతులో ఏదో తేడా ఉండి ఉండాలి. ఇన్‌స్పెక్టర్ రెండు క్షణాలు తటపటాయించి, టోపీ బానెట్ మీద పెట్టి, మూలుగుతూ నేల మీదికి దిగాడు. పదేళ్ళుగా సరిగ్గా పలకరించుకోని ఇద్దరు మనుషులు ఒకే కారు కింద భుజం భుజం తాకేలా పడుకున్నారు.

“ఏం కనబడుతోంది?”

“మసి. వదులైన సందులోంచి పొగ కొట్టింది. నేను చెప్పింది అదేగా.”

“నువ్వు చెప్పినట్టయితే ముందు చుక్క పెట్టారు, తర్వాత ఇంజను వేశారు, తర్వాత మసి కొట్టింది. అవునా? అలాంటప్పుడు ఆ చుక్క మీద కూడా మసి ఉండాలి కదా. దాని చుట్టూ కొట్టిన మసి దాని ఒక్కదాన్ని ఎందుకు వదిలేసింది?”

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి తన ఇంటి తాళంచెవి తీసి, తెల్ల రంగు అంచును మెల్లగా గీకాడు. రంగు పెచ్చుగా లేచింది. దాని కింద కాటుకలాంటి నలుపు. ఇంకోచోట గీకాడు. అక్కడా నలుపే.

“మసి మీద పెట్టారు,” అన్నాడు ఆయన నెమ్మదిగా.

“ఇంజను చాలాసేపు తిరిగాక, పైపు ఇంకా కాలుతుండగా పెట్టారు. నీ లెక్కలమాస్టారు అప్పుడు ముప్పైమంది పిల్లల ముందు నల్లబల్ల దగ్గరున్నాడు.” జలగ గొంతు గట్టిపడింది. “అంటే ఏం జరిగిందో చూడు. కొట్టి, స్పృహ తప్పించి, సీట్లో కూర్చోబెట్టి, కిందికి దూరి నట్టు వదులు చేసి, ఇంజను వేసి, షట్టరు దించి పోయాడు ఒకడు. చచ్చి ఉంటాడనుకున్న వేళకు తిరిగి వచ్చాడు. పైన మనిషి ఊపిరాడక పడి ఉంటే, ముందు ఇంజను ఆపాడు, కాని ఆ మనిషిని బయటికి లాగకుండా, బల్ల మీది బ్రష్షు తీసుకుని ఈ కిందికి దూరాడు. చిన్నోడి సంతకం దొంగతనంగా పెట్టడం లాంటిదే ఇది. చుక్క చూస్తే ఆ అన్నదమ్ముల చెయ్యే అనుకుంటారని వాడికి తెలుసు. ఈ ఇంట్లో ఆ చుక్క రెండో బిగింపు తర్వాతే పెడతారని మాత్రం తెలియదు. అయిపోయిన పనులే చూశాడు గాని, ఏనాడూ పని అయ్యేదాకా పక్కన నిలబడి ఉండడు.”

ఇన్‌స్పెక్టర్ కారు కింద నుంచి అంత వేగంగా బయటికి రావడం ఆయన కానిస్టేబుళ్ళు కూడా ఎన్నడూ చూసి ఉండరు. వీపంతా గ్రీజు అంటింది. తుడుచుకోలేదు.

“నీ సాక్షి ఎవరు?” అడిగాడు జలగ, ఆయన వెనకే లేచి. “చిన్నోడు పొద్దున చుక్క పెట్టడం చూశానని చెప్పినవాడు. పొద్దున లేని చుక్కను చూసినవాడు.”

ఇన్‌స్పెక్టర్ గుమ్మం మెట్టు వైపు చూసి గొంతు బాగా తగ్గించాడు. “ఒంటిగంటకు షట్టరు ఎత్తిందీ ఆయనే. కేకలు వేసి నలుగుర్ని పిలిచిందీ ఆయనే. నాడి ఆడుతోందని గుర్తుపట్టింది మాత్రం ఎదురింటి నర్సు.”

“ఏం చేశాడని అడగలేదు. ఎవరని అడిగాను.”

“వాళ్ళ బావ. ఆవిడ మొగుడు.”

* * *

జలగ కాసేపు చొక్కా తొడుక్కోవడం కూడా మరిచిపోయాడు. ఆయనకు కేసు తేలినప్పుడు ఒక సంతోషం కలుగుతుంది. దాని కోసమే ఈ ఉద్యోగం. ఇవాళ అది రాలేదు. తమ్ముణ్ణి విడిపించమని తన దగ్గరికి వచ్చిన మనిషి ఇంటికే తాను నిప్పు మోసుకుపోవాలి. చెప్పకుండా ఉండే వీలుంటే బాగుండుననిపించింది.

ఆయన వెళ్ళి మెట్టు ముందు నిలబడ్డాడు. “అమ్మా, డ్రైవింగు స్కూల్లో కార్లు ఎవరికి ఎప్పుడిచ్చేదీ మీరే కదా చూసేది?”

“అవును సార్. కౌంటర్లో నేనే ఉంటాను. స్కూలు పెద్దోడిదీ మా ఆయనదీ.”

“ఈ కారు పైపు ఎప్పుడు పగిలింది?”

“బుధవారం. మా ఆయన తీసుకెళ్ళారు, ఒక్కరే. వానలో స్పీడుబ్రేకరు కనబడలేదట, కారు అడుగుభాగం తగిలిందన్నారు. అప్పటినుంచీ ట్రాక్టరులా ఒకటే మోత. పెద్దోడే ఆదివారం మారుస్తానన్నాడు. మా ఆయన వద్దు వద్దు, బయట చేయిద్దాం, నువ్వెందుకు కష్టపడటం అని నాలుగుసార్లు చెప్పారు. వాడు వింటేగా.”

“ఏ దారిలో వచ్చారో చెప్పారా?”

“గోడౌన్ల రోడ్డులోంచి.”

జలగ వెనక ఇన్‌స్పెక్టర్ ఊపిరి గట్టిగా పీల్చిన చప్పుడయింది. ఆయన ముందుకు వచ్చాడు. అంత పెద్ద గొంతు గల మనిషి ఇప్పుడు రోగి దగ్గర మాట్లాడినట్టు మాట్లాడాడు.

“బుధవారం సాయంత్రం గోడౌన్ల రోడ్డులో ఒక కాంపౌండరు వానకు సైకిలు జారి పడ్డాడు. అతని మీద నుంచి కారొకటి పోయింది. తెల్లారేదాకా ప్రాణంతోనే ఉన్నాడు. ఎవరైనా ఆగి ఉంటే బతికేవాడు. బంపరు సొట్టపోయిన కారు కోసం ఐదు రోజులుగా ఊళ్ళో షెడ్లన్నీ తిరుగుతున్నాను.”

“పడి ఉన్న సైకిలు మీద నుంచి పోతే బంపరుకు ఏం కాదు,” అన్నాడు జలగ. “అడుగున ఉన్న పైపుకు అవుతుంది. సైకిలు ఏ రంగు?”

“ఆకుపచ్చ. చైను కవరులో ఒక ముక్క విరిగిపోయింది. అది దొరకలేదు.”

ఆ ముక్క నిన్న పొద్దున దొరికిందని, వెలుతురులో తిప్పి చూసుకున్న మనిషి ఆస్పత్రిలో ఉన్నాడని జలగ చెప్పాడు. పెద్దోడు దాని గురించి బావను నిలదీసి ఉంటాడని, పాత పైపుతోపాటు అది మాయమైందని కూడా చెప్పాడు. దాపరికం లేకుండా, తల వంచుకుని, గబగబా చెప్పేశాడు.

అక్క ఏడవలేదు. మొదట జలగ మొహంలోకి, తరువాత ఇన్‌స్పెక్టర్ మొహంలోకి చూసింది. ఇద్దరిలో ఒక్కరైనా తప్పని చెబుతారేమోనని చూసింది.

“బుధవారం రాత్రి అన్నం తినలేదు ఆయన,” అంది. “తలనొప్పి అంటే నేనే తల పట్టాను.” ఆ మాట అంటూనే మెట్టు మీద నుంచి ఒక్కసారిగా లేచింది. “సార్, పెద్దోడి దగ్గర ఎవరూ లేరు. ఆయనే ఉన్నారు. రాత్రంతా కూర్చున్నావు, కాసేపు నేను చూసుకుంటా పో అంటే, ఎంత మంచివారో అనుకుని వచ్చాను.”

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఆస్పత్రి ఔట్‌పోస్టుకు ఫోను చేస్తున్నాడు. అవతల మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. బూతుమాట ఒకటి పళ్ళ మధ్యే నమిలేసి, స్టేషన్‌కు చేశాడు. డ్రైవరు జీపు వెనక్కి తిప్పాడు. ముగ్గురూ ఎక్కారు. ఇన్‌స్పెక్టర్ ముందు, వెనక అక్క, జలగ. ఆస్పత్రి ఊరికి ఆ చివర.

వీధి మలుపు తిరిగేలోగా అక్క చేతిలోని ఫోను మోగింది.

ఆమె తెర మీది పేరు చూసి జలగకు చూపించింది. ఎత్తండి అన్నట్టు ఆయన తల ఊపాడు. మామూలుగా మాట్లాడండి అని సైగ చేశాడు. ఆమె స్పీకరు నొక్కింది. ఇన్‌స్పెక్టర్ డ్రైవరు భుజం నొక్కి హారన్ ఆపించాడు.

“ఎక్కడున్నావ్?” అన్నది భర్త గొంతు. మామూలు గొంతు. రోజూ కౌంటరుకు ఫోను చేసి భోంచేశావా అని అడిగే గొంతు.

“ఇంటి దగ్గరే. బయల్దేరుతున్నా. ఏంటండీ?”

“పెద్దోడు కళ్ళు తెరిచాడు.”

అక్క కళ్ళు మూసుకుంది. ఇరవై నాలుగు గంటలుగా ఆమె వేడుకున్న మాట అది. అది ఆ నోటి నుంచి వినవలసి వచ్చింది. “నర్సుకు చెప్పారా?”

“ఇంకా లేదు. ముందు నీకే చెబుతున్నా. నర్సు పక్క వార్డుకు పోయింది, ఇప్పుడప్పుడే రాదు. నన్ను చూస్తున్నాడు. చూపు తిప్పడం లేదు. ఏదో చెప్పాలని పెదాలు కదుపుతున్నాడు గాని, ఈ మాస్కు అడ్డంగా ఉంది.” కుర్చీ మంచం దగ్గరికి జరిపిన చప్పుడు. “తీసి చూడనా?”

జలగ చెయ్యి ముందు సీటు కమ్మీని బిగించి పట్టుకుంది. ఆయన ఏదో కాయితం మీద రాసి చూపించాలని జేబు తడుముకుంటున్నాడు. అక్క ఆయన వైపు చూడనేలేదు.

“వద్దండీ,” అంది. ఆమె గొంతు ఏ మాత్రం వణకలేదు. అది ఎలా సాధ్యమైందో జలగకు అర్థం కాలేదు. “మాస్కు తీస్తే డాక్టరు గోల చేస్తాడు. ఫోను వాడి చెవి దగ్గర పెట్టండి. నేను మాట్లాడతాను. నా గొంతు వింటే కుదుటపడతాడు.”

“నువ్వొచ్చాక మాట్లాడొచ్చు కదా.”

“ఇప్పుడే మాట్లాడతాను. నిన్నటి నుంచీ దీనికోసమే కదండీ చూస్తోంది. చెవికి ఆనించి పట్టుకోండి. జారిపోతుంది, రెండు చేతులతో పట్టుకోండి.”

అటు నుంచి బట్టలు రాసుకున్న చప్పుడు, మంచం ఇనుము కిర్రుమన్న చప్పుడు వినిపించాయి.

“పట్టుకున్నారా? రెండు చేతులతో?”

“ఆ. పట్టుకున్నా.”

జీపు మోత చెయ్యకుండా ఎంత వేగంగా పోగలదో అంత వేగంగా పోతోంది. ఇన్‌స్పెక్టర్ రెండో ఫోనులో గుసగుసగా వార్డు నంబరు చెబుతున్నాడు. అక్క ఫోనును నోటికి దగ్గరగా తెచ్చుకుంది.

“పెద్దోడా, నేనురా, అక్కని. వినబడుతోందా? ఏం మాట్లాడకు. నోరు కదపకు. కళ్ళు మూసుకుని పడుకో. చిన్నోడు బాగానే ఉన్నాడు. నీకేం చెప్పాలనుందో నాకు తెలుసు. అంతా తెలుసు. నువ్వు చెప్పక్కర్లేదు. నేను వచ్చేదాకా ఊపిరి పీలుస్తూ ఉండు, చాలు. పీలుస్తున్నావా? ఒకసారి గట్టిగా పీల్చు, వింటాను.”

ఫోనులో ఊపిరి వినిపించింది. బరువుగా, నెమ్మదిగా, చాలా దగ్గరగా. ‘అంతా తెలుసు’ అన్న మాట ఆ గదిలో ఎవరి చెవిన పడిందో, వినిపిస్తున్న ఊపిరి ఇద్దరిలో ఎవరిదో, జీపులో ఉన్నవాళ్ళకు తెలియలేదు.